ఇరవై ఎనిమిది రోజుల కుట్టు

బాపుకు నాలుగు వారాలకోసారి తుంటికి సూది. ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు. మొదటిరోజు నర్సు చిన్న సీసాలోకి ద్రావణం ఎక్కించి కదుపుతుంటే, బాపు కళ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకొని వంగి చూశాడు. "పాలు లెక్క ఉన్నది. గిది మందేనా బిడ్డా?" అన్నాడు.

మందే. కాకపోతే అందులో మందు తక్కువ, ప్లాస్టిక్ ఎక్కువ. ఈ మందు నెల సూదిగా మొదట అమెరికాలో ల్యుప్రాన్ డిపో అనే పేరుతో వచ్చింది. దాని 7.5 మిల్లీగ్రాముల డోసులో, ఆ మందును పట్టి ఉంచే పాలిమరే 66 మిల్లీగ్రాములు. కొబ్బరికాయలో కొబ్బరి కంటే పీచే ఎక్కువ ఉన్నట్టు.

ఆ పీచుతోనే నాకు పదకొండేళ్లు గడిచాయి. హైదరాబాద్ శివార్లలో ఒక ఫార్మా కంపెనీ, అందులో ఫార్ములేషన్ విభాగం. సీసాల్లో తెల్లపొడి, మైక్రోస్కోపు కింద గుండ్రటి పూసలు, కంప్యూటర్ మీద పైకెక్కే గీతలు. నాకు తెలిసిన లోకం అంతే. ఆ పొడి ఒక మనిషి ఒంట్లోకి వెళ్లడం మాత్రం బాపుకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలాకే కళ్లారా చూశాను.

ఆ రోజు ఒక చిన్న గొడవ కూడా అయింది. ఈ పొడి నీళ్లలో కరగదు, నీళ్లలో తేలుతూ ఉంటుందంతే. అందుకే కదిపిన వెంటనే ఎక్కించేయాలి. నర్సు బాగానే కదిపింది, సిరంజిలోకి తీసింది, అంతలో ఫోన్ మోగింది. సిరంజి ట్రేలో పెట్టి మాట్లాడడం మొదలుపెట్టింది. నా కళ్లు సిరంజి మీదే. అర నిమిషం, నిమిషం. తెల్లదనం ఒకవైపుకు దిగుతోంది, పైన నీళ్లు తేటపడుతున్నాయి. పూసలు ఒక్కొక్కటీ మహా అయితే వెంట్రుక మందం. సూది లోపలి బెజ్జం మిల్లీమీటరులో మూడో వంతు. విడివిడిగా అయితే సాఫీగా పోతాయి, ముద్దకట్టి వస్తే అక్కడే ఇరుక్కుంటాయి. ఇక ఆ నెల డోసు వృథా అయినట్టే.

"సిస్టర్, ఒక్కసారి మళ్లీ కదపండి, కిందికి దిగింది" అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపులో 'గూగుల్ చదివొచ్చావా తల్లీ' అని రాసి ఉంది. కానీ కదిపింది.

బయటికొచ్చాక ఆటోలో బాపు అసలు ప్రశ్న వేశాడు. "మందు నెల రోజులల్ల అయిపోతదంటివి. మరి గా ప్లాస్టిక్ ఎటు పోతది?"

పదకొండేళ్లలో ఎన్నో మీటింగుల్లో ఎంతోమంది ఎన్నో అడిగారు. ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

బాపు దర్జీ. జనగామ బస్టాండు దగ్గర చిన్న దుకాణం, కాలితో తొక్కే మిషను, గోడకు కొలతల పుస్తకం. దసరాకని ఇచ్చిన గుడ్డ దీపావళికి ప్యాంటయ్యేది. అందులో తప్పేమీ కనబడేది కాదు ఆయనకు. "కుట్టు మంచిగుండాలె గని దినం ఏందిరా" అనేవాడు గిరాకీలతో. నా చదువు ఫీజులన్నీ ఆ మిషను తొక్కితే వచ్చినవే.

ఎనిమిదేళ్ల కింద హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు, కుట్లు విప్పడానికి ఎప్పుడు రావాలి అని అడిగితే, "విప్పేది లేదు, అవే పోతాయి" అన్నారట. బాపుకు అది అన్యాయంగా అనిపించింది. కచ్చా కుట్టు వేస్తే తర్వాత మన చేత్తో మనం లాగేయాలి, అదీ పద్ధతి. దానంతట అది పోయే దారం ఏం దారం? నేను ఊరికి వెళ్లేసరికి ఇదే పంచాయితీ. మెడికల్ షాపు నడిపే స్నేహితురాలి దగ్గర గడువు దాటిన ఒక సూచర్ (ఆపరేషన్ కుట్ల దారం) ప్యాకెట్ ఉంటే తెచ్చిచ్చాను. బాపు దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, పళ్లతో కొరికాడు, వెలుతురుకు పట్టి చూశాడు. "సిల్కు లెక్క ఉన్నది, పురి గట్టిగున్నది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోకుండా తన తెల్లచొక్కాకు రెండో గుండీ ఆ దారంతో కుట్టుకున్నాడు.

వానాకాలం దాటలేదు. చొక్కా సోడా వేసి ఉతకడం, చూరు కింద తడిగాలికి ఆరేయడం, మళ్లీ ఉతకడం. ఒకరోజు పొద్దున గుండీ ఊడి కిందపడింది. తెగిన చోట దారం వేళ్లతో నలిపితే పిండిలా రాలిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. వెనక నుంచి బాపు గొంతు: "గీ దారంతోని దుకాణం నడవది!"

అందుకే ఆటోలో నా పని తేలికైంది. "బాపూ, నీ గుండీ ఊడిపోయిన దారం యాదికున్నదా? గదే ప్లాస్టిక్ ఇది. చుట్టమన్నట్టు" అన్నాను.

నిజంగానే చుట్టమే. గ్లైకాలిక్ ఆసిడ్‌తో చేసిన డెక్సాన్ అనే దారం 1970 నాటికి సర్జన్ల చేతిలోకి వచ్చింది. తర్వాత కొద్ది కాలానికే దానికి పదో వంతు లాక్టిక్ ఆసిడ్ కలిపిన విక్రిల్ వచ్చింది. మందును నెమ్మదిగా వదిలే పదార్థం కోసం వెతుకుతున్న మా ముందుతరం వాళ్లకు, మనిషి ఒంట్లో పెడితే ప్రమాదం లేదని అప్పటికే తేలిన సరుకు ఇది ఒకటి దొరికింది. నిష్పత్తి మార్చి, దారం బదులు పూసలు చేశారు. మేం మందు కోసం కొత్త పదార్థాన్ని డిజైన్ చేశామని కాన్ఫరెన్సుల్లో గొప్పగా చెప్పుకుంటాం గానీ, నాకు మాత్రం ఇది ఆపరేషన్ థియేటర్ నుంచి అరువు తెచ్చుకున్న దారమే. దాని పూర్తి పేరు పాలీ లాక్టిక్ కో గ్లైకాలిక్ ఆసిడ్, పీఎల్‌జీఏ అంటాం. ల్యాబ్‌లో నోరు తిరగక 'ప్లగా' అంటాం.

ఈ రంగంలో పెద్ద పేరు రాబర్ట్ లాంగర్. 1970ల్లో బోస్టన్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో జుడా ఫోక్‌మన్ దగ్గర పనిచేస్తూ, ప్రొటీన్ల లాంటి పెద్ద అణువులను పాలిమర్‌లో ఇమిడ్చి మెల్లమెల్లగా బయటికి రప్పించవచ్చని చూపించారు. 1976లో నేచర్ పత్రికలో వచ్చింది. అంత పెద్ద అణువులు అలా బయటికి రావని అప్పటి పెద్దల నమ్మకం. ఆ పేపర్లో వాడిన పాలిమర్ ఒంట్లో విడిపోయే రకం కాదు, అది వేరే సంగతి. నాకు ఆ హాస్పిటల్ పేరు వినగానే ఇంకో మనిషి గుర్తొస్తాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ అనే మందుల కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్ మందును సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాకు వాడి చూసింది అక్కడే. ఆ పేపరు 1948లో వచ్చింది, సుబ్బారావు పోయిందీ అదే ఏడు. మా క్యాంటీన్‌లో ఈ మాట చెప్తే కుర్రాళ్లు "అవునా మేడమ్" అని మళ్లీ ఫోన్‌లో పడ్డారు.

సరే, ఎటు పోతుంది అన్న ప్రశ్న. అందరం 'కరిగిపోయే' పాలిమర్ అంటాం, నేనూ అంటాను, కానీ కరగడం అన్న మాట దీనికి సరిపోదు. చక్కెర టీలో కరుగుతుంది. కరిగినా చక్కెర చక్కెరగానే ఉంటుంది, నీళ్లు మరగబెడితే మళ్లీ దొరుకుతుంది. ఇది అలా పోదు. ఇంటికెళ్లాక బాపు ముందు ఒక పాత ప్యాంటు అంచు పెట్టి చెప్పాను. పొడవు పెంచాలంటే బాపు అరబ్లేడు తీసుకొని కుట్టు కుట్టుకూ ఒక గాటు పెడతాడు. ఒక్కో గాటుకు గుడ్డ మీద ఏమీ తెలియదు. అంచు అలాగే నిలబడి ఉంటుంది. కొంతసేపటికి ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి వస్తుంది. పీఎల్‌జీఏ అంటే వందల లాక్టిక్, గ్లైకాలిక్ ముక్కలను వరసగా కుట్టిన గొలుసు. ఆ కుట్టు పేరు ఎస్టర్ బంధం. బ్లేడు ఏమిటంటే నీళ్లు. మన ఒంట్లో ఎక్కడ చూసినా ఉన్న మామూలు నీళ్లే. ఎంజైములు వచ్చి కొరకాల్సిన పని కూడా పెద్దగా లేదు.

"కుట్లన్నీ విప్పినంక?"

"లాక్టిక్ ఆసిడ్ మిగులుతది బాపూ, పెరుగుల పులుపు ఉంటది సూడు, అది. గ్లైకాలిక్ ఆసిడ్ చెరుకుల ఉంటది. రెండూ ఒంటికి తెలిసినయే. కాల్చుకొని నీళ్లు చేస్తది, గాలి చేస్తది. కొంత మూత్రంల పోతది, మిగిలింది ఊపిరిల పోతది."

బాపు కొంచెంసేపు ఆలోచించి, గట్టిగా ఒకసారి ఊపిరి వదిలి, "పోయింది" అన్నాడు. అమ్మ నవ్వింది. రిపోర్టులు వచ్చిన తర్వాత ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది.

అంతకు ముందు వారం సంగతి వేరు. డాక్టరు రెండు దారులు చెప్పారు. ఈ జబ్బుకు మేత మగ హార్మోను, దాన్ని ఆపాలి. ఆపరేషన్ చేసి వృషణాలు తీసేస్తే ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చూ తక్కువ. లేదంటే సూది, వేసుకుంటూనే ఉండాలి. బాపు తల దించుకొని చొక్కా అంచు మడత సరిచేసుకుంటూ, "సూదే" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. పదకొండేళ్లు నేను చేసిన పని ఒక మనిషికి ఈ ఒక్క మాట అనే వీలు ఇవ్వడానికా అనిపించింది. అంతకంటే ఎక్కువ ఆలోచించలేదు, బిల్లు కౌంటర్ దగ్గర లైను పెరుగుతోంది.

ఆ మందు పేరు ల్యుప్రోలైడ్. తొమ్మిది అమైనో ఆసిడ్లు గుచ్చిన చిన్న దండ. మింగితే అన్నంలో పప్పు అరిగినట్టు అరిగిపోతుంది. నేరుగా సూదిలో ఇస్తే మూడు గంటలకు సగమవుతుంది. 1985లో అమెరికాలో వచ్చినప్పుడు రోజూ పొడుచుకోవాల్సిన సూది. 1989లో పూసల్లో పెట్టి నెలకోసారి చేశారు. జపాన్ కంపెనీ టకెడా వాళ్ల పనితనం అది. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ మందు స్వభావానికి అది హార్మోనును పెంచేది. మెదడు నుంచి అప్పుడప్పుడు వచ్చే ఒక పిలుపుకు నకలు. అప్పుడప్పుడు మోగితే తలుపు తీస్తారు. రాత్రింబవళ్లు ఆగకుండా కాలింగ్ బెల్ మోగుతుంటే ఇంట్లోవాళ్లు వైరు పీకేస్తారు. ల్యుప్రోలైడ్ చేసేది ఆ రెండోది. అందుకే మొదటి వారం రెండు వారాలు హార్మోను తగ్గకపోగా ఎక్కువవుతుంది. ఆ ఎక్కువైన హార్మోను క్యాన్సర్‌ను ఎగదోయకుండా బాపుకు ముందుగానే మాత్రలు మొదలుపెట్టారు. బెల్ మధ్యలో ఆగకూడదు. ఇరవయ్యో రోజుకు పూసలు ఖాళీ అయితే, వైరు మళ్లీ తగిలించేస్తారు.

అందుకని మా పనంతా రోజుల లెక్క. గొలుసులో లాక్టిక్ ఎంత, గ్లైకాలిక్ ఎంత అన్నది మొదటి చెయ్యి. లాక్టిక్ ముక్కకు పక్కన ఒక మిథైల్ గుంపు ఉంటుంది, అది నీళ్లను దగ్గరికి రానివ్వదు. కాబట్టి లాక్టిక్ పెరిగితే ఆయుష్షు పెరుగుతుంది. సగం సగం కలిపింది ఒకటి రెండు నెలల్లో పోతుంది, 75:25 అయితే నాలుగైదు నెలలు. అయితే గ్లైకాలిక్ ఒక్కటే ఉంటే ఇంకా త్వరగా పోవాలి కదా? పోదు. అన్నీ ఒకేలా ఉన్న ముక్కలు పద్ధతిగా పేర్చుకొని గట్టిగా బిగుసుకుంటాయి, నీళ్లకు సందు దొరకదు. సగం సగం కలిపితేనే పేర్పు కుదరదు, గజిబిజిగా ఉంటుంది, నీళ్లు దూరతాయి. అందుకే అన్నింటికంటే త్వరగా పోయేది అదే. ఉద్యోగంలో చేరకముందు ఇది తప్పు చెప్పి నేను ఇంటర్వ్యూలో తిట్లు తినలేదు గానీ, ఎదురుగా ఉన్నాయన పెన్ను మూత పెట్టేశాడు.

మరి టకెడా వాళ్ల నెల సూదిలో ఉన్నది 75:25. నాలుగు నెలల సరుకుతో నెల సూది ఎలా? గొలుసు పొట్టిది వాడారు, గొలుసు పొడవును చెప్పే మాలిక్యులర్ వెయిట్ సుమారు 14,000. విప్పాల్సిన కుట్లే తక్కువ. గొలుసు పొడవు, చివర కొస ఎలా ఉంది, పూస ఎంత లావు, లోపల మందు ఎలా సర్దుకుంది... ఒక్కటి కదిపితే మిగతావన్నీ కదులుతాయి. చంక బిగుతుగా ఉందని అక్కడ వదులు చేస్తే భుజం జారిపోయే చొక్కాలాంటి వ్యవహారం.

పూసలు చేయడం చూస్తే వంటిల్లే గుర్తొస్తుంది. పాలిమర్‌ను డైక్లోరోమీథేన్‌లో కరిగిస్తాం. ఇక్కడ మాత్రం కరగడమే. మందును కొద్ది నీళ్లలో, కొంచెం జెలటిన్‌తో కలిపి అందులో పోసి గట్టిగా చిలికితే చిక్కటి తెల్లని ద్రవం వస్తుంది. దాన్ని మళ్లీ పెద్ద నీళ్లలో పోసి చిలకాలి. చుక్కలు చుక్కలుగా విడిపోయి, డైక్లోరోమీథేన్ ఎగిరిపోతుంటే చుక్కలు గట్టిపడి పూసలవుతాయి. ఆ ద్రావకం 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో స్టోరు నుంచి ల్యాబ్‌కు తెచ్చిన సీసా మూత తిప్పితే బుస్సుమంటుంది. ఎండాకాలం మా బిల్డింగ్‌లో ఏసీ పోతే మనుషుల కంటే ముందు సీసాలు గుర్తొస్తాయి అందరికీ. తర్వాత ఆ ద్రావకం పూసల్లో 600 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 600 పాళ్లు, దాటి మిగలకూడదు, కడగడం, ఆరబెట్టడం, మళ్లీ కడగడం. గామా కిరణాలతో శుద్ధి చేస్తే గొలుసులు తెగుతాయి కాబట్టి మొదటి నుంచీ క్రిములు లేని గదిలోనే చేయాలి. ఈ భాగం చెప్పడం మొదలుపెడితే మా ఆయనే లేచి వెళ్లిపోతాడు, వదిలేద్దాం.

అసలు తలనొప్పి మొదటిరోజు. పూస పైన అంటుకున్న మందు, బెజ్జాల్లో ఉన్న మందు నీళ్లు తగలగానే ఒక్కుమ్మడిగా బయటికి వచ్చేస్తుంది. బర్స్ట్ అంటాం. మొదటిరోజే దండిగా ఖర్చయిపోతే నెలాఖరుకు ఏం మిగులుతుంది? చేతులకే గుడ్డ ఎక్కువ కోసేస్తే కాలరుకు చాలదు. నా పదకొండేళ్లలో సగానికి పైగా ఆ మొదటి ఇరవై నాలుగు గంటల మీదే పోయాయి.

కానీ నన్ను నిజంగా పడగొట్టింది మొదటిరోజు కాదు, పదిహేనో రోజు.

నాలుగేళ్ల కింద, జూలై. మర్నాడు రివ్యూ మీటింగ్, ఒక బ్యాచ్ మొదలుపెట్టాలి. పాలిమర్ సీసా మైనస్ ఇరవైలో ఉంటుంది. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు, రెండు గంటలు ఆగాలి. పది నిమిషాలకే తీశాను. సీసా పైన చెమట పట్టి ఉంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టు. గుడ్డతో తుడిచాను. పైన తుడిచాను సరే, లోపల చల్లటి పొడి మీద కూడా అదే చెమట పడుతుందన్న ఆలోచనే రాలేదు. కావలసినంత తూచుకొని, మూత పెట్టి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టేశాను. ఆ తర్వాత మూడు వారాల్లో అదే సీసాతో ఇంకో రెండు బ్యాచ్‌లు.

పూసలను ఒంటి వేడి ఉండే, రక్తమంత ఉప్పదనం ఉండే నీళ్లలో వేసి, ఎప్పుడెంత మందు బయటికొచ్చిందో చూస్తాం. నెల సూదికి నెల పరీక్ష. వేడి పెంచి తొందరగా చూసే పద్ధతులు ఉన్నాయి గానీ చివరికి అసలు పరీక్షే కావాలి. పది రోజుల దాకా గీత బంగారంలా ఉంది. పదిహేనో రోజుకు ఒక్కసారిగా పైకి లేచింది. ఇరవయ్యో రోజుకు సీసాలో మందు ఖాళీ. రెండో బ్యాచ్ ఇంకా ముందే లేచింది. మూడోది ఇంకా ముందు.

చిలికే మిషను మీద అనుమానపడ్డాం. కొత్తగా వచ్చిన మందు లాట్ మీద అనుమానపడ్డాం. పాపం ఒక ట్రెయినీ కుర్రాడి చేతి మీద కూడా అనుమానపడ్డాం, అది ఇప్పటికీ నాకు ముల్లే. చివరికి ఆ సీసాలో మిగిలిన పాలిమర్‌నే పరీక్షకు పంపితే మాలిక్యులర్ వెయిట్ సర్టిఫికెట్ మీదున్న అంకెలో ముప్పావు వంతే వచ్చింది. పూసల్లోకి చేరకముందే, ఫ్రీజర్‌లోంచి వచ్చిపోతూ ఉండగానే, తడి బ్లేడు పట్టుకొని కుట్లు కోసేసింది. అదే రోజు వెళ్లి మా బాస్‌కు చెప్పాను, ట్రెయినీకి కూడా చెప్పాను. వాడు "పర్లేదు మేడమ్" అన్నాడు. టెన్షన్‌లో వారం రోజులు సరిగ్గా నిద్రపోని వాడి కళ్లు చూస్తే అది పర్లేదు కాదని తెలుస్తూనే ఉంది. ఆ ఫ్రీజర్ తలుపు మీద ఇప్పుడు నా చేతిరాతతో ఒక చీటీ ఉంటుంది: తీశాక రెండు గంటలు ఆగు. క్వాలిటీ వాళ్లు ఆడిట్ ముందు దాన్ని పీకేస్తారు, ఆడిట్ అయ్యాక నేను మళ్లీ అంటిస్తాను.

మరి పది రోజులు గీత ఎందుకు బాగుంది? చెదలు పట్టిన తలుపు చూస్తే అర్థమవుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది, గడియ బాగానే పడుతుంది, లోపల బోలు. ఒకరోజు బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి పోతుంది. పీఎల్‌జీఏ అంతే. నీళ్లు మొదట్లోనే పూసంతా ఇంకి, అన్ని చోట్లా ఒకేసారి కుట్లు కోస్తూ ఉంటాయి. బరువు తగ్గదు, ఆకారం మారదు. ఒక హద్దు దాటాక ముక్కలు నీళ్లలో కలిసేంత చిన్నవై, పూస కూలుతుంది. దానికి తోడు విడిపోయిన ఆసిడ్ లోపల చిక్కుకుంటే, ఆ పులుపుకు మిగతా కుట్లు ఇంకా వేగంగా తెగుతాయి. పైకి నిగనిగలాడుతూ టెంక దగ్గర కుళ్లిన మామిడిపండులా, లావు ముక్క పైభాగం కంటే లోపలే ముందు పోతుంది. ఫ్రాన్స్‌లో మిషెల్ వెర్ట్ బృందం 1990 ప్రాంతంలో ఇది చూపించింది. లావైతే ఎక్కువ రోజులు ఉంటుందనుకునే నాలాంటి వాళ్లకు అది చెంపదెబ్బ.

సబ్బులా పైపైన మాత్రమే అరిగే పాలిమర్లు లేకపోలేదు. పాలీఆన్‌హైడ్రైడ్లు ఆ జాతి. మెదడులో కణితి తీసేశాక ఆ గుంటలో పరిచే గ్లియాడెల్ బిళ్లలు వాటితోనే చేశారు. లాంగర్, న్యూరోసర్జన్ హెన్రీ బ్రెమ్ కలిసి చేసిన పని, 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఒక్కో బిళ్లలో 7.7 మిల్లీగ్రాముల కార్ముస్టిన్ అనే క్యాన్సర్ మందు, ఎనిమిది బిళ్లల దాకా పెడతారు. చాలా అందమైన ఆలోచన. కానీ వాటికి నీళ్లంటే ఇంకా పడదు, పీఎల్‌జీఏ వాటి పక్కన మహా ఓపికమంతురాలు. నాకు దాంతోనే సరిపోయింది.

ఆ పాలిమర్ సీసా కథ బాపుకు ఈ మధ్యే చెప్పాను. ఫ్రీజర్, మాలిక్యులర్ వెయిట్ అన్నీ వదిలేసి, తడి తగిలింది, వెంటనే తెలియలేదు, పదిహేను రోజులకు బయటపడింది అన్నాను. ఆయన చక్కగా తన భాషలోకి మార్చుకున్నాడు. "అంటే గుడ్డ తడిపి ఆరేయకుండ కట్ చేసినవన్నట్టు. కుట్టినప్పుడు మంచిగనే ఉంటది. మొదటి ఉతుకుకు జానెడు పైకి పోతది." తర్వాత ఇంకో ముక్క అన్నాడు. "నేను సుత చేసిన. ఒకల పెండ్లి ప్యాంటు." ఎవరిదో చెప్పమంటే చెప్పలేదు.

బాపుకు రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి. లేచి వాకిలి తలుపు తీసి గడప మీద కూర్చుంటాడు. అది మందు పనిచేస్తోందనడానికి గుర్తే అని చెప్తే, "మంచిగ గుర్తు పెట్టినవ్" అంటాడు. మూడో నెల పరీక్షలో ఆ మగ హార్మోను, టెస్టోస్టిరాన్, డెసిలీటరుకు 50 నానోగ్రాముల గీతకు చాలా కింద ఉంది. డాక్టరు "గుడ్" అన్నారు. నేను మాత్రం ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంటూ, మా ల్యాబ్‌లో ఒకే వాలుతో పైకెక్కే ఆ గీత గుర్తొచ్చి, ఇది ఎవరి బ్యాచో, ఎవరు చిలికారో, వాళ్లు సీసా మూత తీసేముందు రెండు గంటలు ఆగారో లేదో అనుకున్నాను.

చీటీ మీద 'నెల తర్వాత రండి' అని రాస్తారు. నెలంటే ముప్పయ్యా, ముప్పై ఒకటా, ఇరవై ఎనిమిదా? పూసల లెక్క ఇరవై ఎనిమిది. అది బాపు పట్టుకున్నాడు. దుకాణంలో గోడ క్యాలెండర్ మీద, గుడ్డ మీద గీసే నీలం సుద్దతో, సరిగ్గా నాలుగో వారానికి సున్నా చుట్టి పెడతాడు. యాభై ఏళ్లలో ఒక్క గిరాకీకి చెప్పిన దినానికి బట్టలివ్వని మనిషి. "పూస దినం తప్పకుండ ఇస్తున్నప్పుడు నేను తప్పుతనా" అంటాడు. మూడు నెలలకోసారి వేసే సూది కూడా ఉంది బాపూ, అందులో గొలుసంతా లాక్టిక్కే అని చెప్పాను. ఆలోచిస్తానన్నాడు. హైదరాబాద్‌కు నెలకోసారి రావడం ఆయనకు ఇష్టమని అమ్మ చెప్పింది.

మొన్నటిది ఏడో సూది. కొత్త నర్సు, చిన్నపిల్ల. సీసా కదిపి, సిరంజిలోకి తీసి, దూది కోసం పక్క గదిలోకి వెళ్లింది. నేను నోరు తెరిచేలోపే బాపు బల్ల మీద పక్కకు తిరిగి పడుకున్నవాడు తలెత్తి చూశాడు.

"అమ్మా, జర మల్లోసారి కదుపు. అడుక్కు దిగినట్టున్నది."